హబ్బులోకి చేరిన నీరు, విరిగిన యాక్సిల్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా ఫోర్ వీల్ డ్రైవ్ వాహనంలో రాళ్ల దారుల్లోనూ, ఇసుకలోనూ, వాగుల్లోనూ తరచుగా ప్రయాణిస్తుంటాను. ముందు కుడి చక్రం దగ్గర హోరు మొదలైతే బేరింగు మార్పించాను. ఆరు నెలలు తిరక్కుండానే అదే చక్రంలో మళ్లీ అదే శబ్దం వస్తోంది. నాసిరకం బేరింగు వేశారనుకోవాలా? దారి మధ్యలో ఇది పూర్తిగా పాడైతే ఏం చేయాలి?

జవాబు: బేరింగు నాసిదని తేల్చుకునే ముందు, మీరు వాగులు దాటుతున్న సంగతిని పట్టించుకోవాలి. దూరం నుంచి వచ్చిన వాహనంలో, ముఖ్యంగా బ్రేకులు నొక్కుతూ పల్లం దిగిన తరువాత, హబ్బు (బేరింగుల మీద తిరిగే చక్రపు మధ్య భాగం) బాగా వేడెక్కి ఉంటుంది. దాన్ని అలాగే చల్లని నీటిలోకి దించితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, బయటి నీటిని సీలు అంచు మీదుగా లోపలికి లాక్కుంటుంది. సీలు గ్రీజును లోపల నిలపడానికీ, దుమ్మును బయట ఆపడానికీ ఉన్నదే తప్ప, ఇలా లోపలికి పీల్చే బలాన్ని తట్టుకోవడానికి కాదు. నీరు చేరిన రోజున మీకేమీ తెలియదు. మెల్లగా గ్రీజు పాలరంగుకు తిరిగి పలచబడుతుంది, బేరింగులోని రోలర్లు రేసుకు (అవి దొర్లే ఉక్కు వలయానికి) ఆనిన చోట తుప్పు చుక్కలు పడతాయి, ఆ చుక్కల అంచుల నుంచి లోహం పెచ్చులుగా లేస్తుంది. వాగు దాటిన కొన్ని వారాలకు గానీ శబ్దం వినిపించకపోవడానికి కారణం ఇదే.

మార్చిన బేరింగు కూడా త్వరగా పోయిందంటే ముందుగా మూడు విషయాలు అనుమానించాలి. కొత్త బేరింగుతో పాటు కొత్త సీలు వేశారా, సీలు పెదవి తిరిగే చోట స్పిండిల్ (హబ్బుకు ఆధారమైన ఇరుసు) మీద గాడి పడి ఉందా అన్నది మొదటిది. గాడి పడితే కొత్త సీలు కూడా నీటిని ఆపలేదు. హబ్బులో బిగించి ఉండే బయటి రేసును పాతదే ఉంచి రోలర్లు మాత్రమే కొత్తవి వేశారా అన్నది రెండవది; రోలర్లూ రేసూ జతగానే మారాలి. నట్టు బిగింపు మూడవది. విడి బేరింగులు రెండుండే పాత తరహా హబ్బులో చక్రాన్ని తిప్పుతూ నట్టును బిగించి, రోలర్లు రేసులో కుదురుకున్నాక దాన్ని వదులు చేసి, తయారీదారు పుస్తకంలో చెప్పిన కొలతకు మళ్లీ బిగించాలి. ఎక్కువ బిగిస్తే బేరింగు వేడెక్కి కాలిపోతుంది, తక్కువైతే చక్రం ఆడుతూ సీలును తినేస్తుంది. కొత్త వాహనాల్లో ఉండే మూసిన హబ్ యూనిట్ అయితే గ్రీజు పెట్టే వీలుండదు, మొత్తం మార్చవలసిందే. యాక్సిల్ నట్టు వదులుగా ఉండగా వాహనం బరువును ఆ చక్రం మీద మోపినా కొత్త యూనిట్ దెబ్బతింటుంది.

శబ్దం ఏ పక్కదో తెలుసుకోవడానికి మలుపులు సాయపడతాయి. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రాల మీదకు వస్తుంది కనుక అప్పుడు హోరు పెరిగితే కుడివైపు బేరింగును అనుమానించాలి. తరువాత చక్రాన్ని జాకీతో లేపి, పైభాగాన్నీ కింది భాగాన్నీ రెండు చేతులతో పట్టి ఊపి చూడండి. అలా పట్టినప్పుడు ఆడితే బేరింగుతో పాటు బాల్ జాయింటునూ (చక్రం భాగాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండ్రని కీలును) చూడాలి. బ్రేకు నొక్కించి మళ్లీ ఊపినప్పుడు ఆట మాయమైతే లోపం బేరింగులోనే ఉందనుకోవచ్చు. కుడి ఎడమ అంచులు పట్టి ఊపినప్పుడే ఆడితే ముందుగా స్టీరింగ్ రాడ్లను చూడండి. బ్రేకు పెడల్ మామూలుకంటే లోతుగా దిగడం, ఏబీఎస్ దీపం వెలగడం కూడా బేరింగు వదులైందనడానికి గుర్తులు కావచ్చు. ఆడే డిస్కు ప్యాడ్లను వెనక్కి నెట్టడం వల్లా, వేగాన్ని చదివే సెన్సర్ చెదరడం వల్లా అలా జరుగుతుంది.

ఇక దారి మధ్యలో చేయగలిగింది బేరింగు ఎంత దెబ్బతిన్నదన్న దాన్ని బట్టి ఉంటుంది. హోరు మాత్రమే ఉండి చక్రం ఆడకపోతే, వేగం బాగా తగ్గించి, కొన్ని కిలోమీటర్లకోసారి ఆగి, నాలుగు హబ్బుల వేడిని పోల్చి చూసుకుంటూ దగ్గరి రోడ్డు వరకు రావచ్చు. హబ్బును నేరుగా తాకకుండా చేతిని దగ్గరగా పెట్టి వేడిని అంచనా వేయండి. ఒకటి మిగిలినవాటికంటే స్పష్టంగా వేడిగా ఉంటే ఆగి చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయకండి. చక్రం కంటికి కనిపించేలా వంకరగా తిరుగుతున్నా, ఇనుము రాసుకున్న శబ్దం వస్తున్నా ఒక్క మీటరు కూడా నడపవద్దు. నట్టు ఊడి చక్రం వదిలిపోయే దశ అది, పక్కన లోయ ఉందో లేదో అది చూడదు. విడి బేరింగుల హబ్బు ఉన్నవారు ఒక జత బేరింగులు, సీలు, గ్రీజు డబ్బా, ఆ నట్టుకు సరిపోయే సాకెట్టు, కొత్త లాక్ వాషరు వెంట తీసుకువెళ్లాలని నా గట్టి సలహా. సాకెట్టు మరిచినవారికి మిగిలినవన్నీ ఉన్నా పని సాగదు. స్పిండిల్ నీలం రంగుకు తిరిగి ఉంటే ఉక్కు మెత్తబడిందని అర్థం. అక్కడ వేసిన కొత్త బేరింగును ఇంటికి చేరడం వరకే నమ్మాలి.

ప్రశ్న: రాళ్ల మీదుగా ఎక్కుతున్నప్పుడు వెనక చక్రం ఒకటి గాలిలో తిరిగి, రాయికి ఆనగానే పెద్ద చప్పుడుతో ఆ చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు విరిగింది. ఇంజిన్ గేరులో ఉన్నా వాహనం కదలలేదు. ముందు చక్రాల డ్రైవుతో మెల్లగా నడిపించుకురావచ్చని తోటివారు అన్నారు, నేను ఒప్పుకోలేదు. ఎవరిది సరి?

జవాబు: మీ యాక్సిల్ ఏ రకమో తెలియకుండా ఒప్పుకోకపోవడమే సరైనది. కొన్ని వాహనాల్లో హబ్బు యాక్సిల్ గొట్టం చివర తన బేరింగుల మీద తానే నిలుస్తుంది, షాఫ్టు తిప్పే పని మాత్రమే చేస్తుంది. వీటిని ఫుల్ ఫ్లోటింగ్ అంటారు. చక్రం మధ్యలో ముందుకు పొడుచుకువచ్చిన, చుట్టూ బోల్టులున్న పళ్లెం లాంటి భాగం చూసి గుర్తుపట్టవచ్చు. ఇందులో షాఫ్టు విరిగినా చక్రం ఊడదు. బోల్టులు విప్పి ముక్కను తీసి, హబ్బు నోటిని దుమ్ము పోకుండా మూసి, ఫోర్ వీల్ డ్రైవ్ వేసి నెమ్మదిగా కదలవచ్చు; నాలుగు చక్రాలకూ ఎప్పుడూ డ్రైవ్ అందే వాహనమైతే సెంటర్ డిఫరెన్షియల్‌ను (ముందు, వెనక యాక్సిళ్లకు బలాన్ని పంచే గేర్ల అమరికను) లాక్ చేయాలి. వెనక యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకు బలాన్ని పంచే డిఫరెన్షియల్‌లో ఉక్కు ముక్కలు పడ్డాయన్న అనుమానం ఉంటే, గేర్ల నుంచి దానికి బలాన్ని అందించే వెనక ప్రొపెల్లర్ షాఫ్టును కూడా విప్పడం మేలు, అయితే కొన్ని వాహనాల్లో అలా విప్పితే ఆయిల్ కారిపోతుంది కనుక మీ వాహనం సంగతి ముందే తెలుసుకుని ఉండండి. రెండవ రకం సెమీ ఫ్లోటింగ్. ఇందులో చక్రం షాఫ్టుకే బిగించి ఉంటుంది, వాహనం బరువు కూడా షాఫ్టు మీదే పడుతుంది. లోపలి కొసన ఉండే చిన్న క్లిప్పు ఒక్కటే షాఫ్టును పట్టి ఉంచే యాక్సిళ్లలో అది విరిగితే చక్రం ముక్కతో సహా బయటకు జారిపోతుంది. అలాంటిదాన్ని నడపకూడదు, ఆ చక్రాన్ని నేలమీద ఉంచి లాగించకూడదు కూడా.

మీరు అడగకపోయినా ఒక ప్రమాదం గురించి చెప్పాలి. లాక్ లేని డిఫరెన్షియల్ బలాన్ని అడ్డు లేని వైపుకే వదిలేస్తుంది, మీ వాహనం కదలకపోవడానికి కారణం అదే. అదే కారణంతో, ఫోర్ వీల్ డ్రైవ్ వేయకపోతే గేరు గానీ పార్క్ గానీ వాలు మీద వాహనాన్ని ఆపలేవు. ప్రొపెల్లర్ షాఫ్టును పట్టే రకం హ్యాండ్ బ్రేకు కూడా ఆపలేదు. చప్పుడు వినగానే ఫుట్ బ్రేకు మీదే కాలు ఉంచి, చక్రాల కింద రాళ్లు పెట్టించాకే దిగండి. వాహనం కిందికి దూరి చూసే తొందర అంతవరకు వద్దు.

షాఫ్టు విరగడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. గాలిలో వేగంగా తిరుగుతున్న చక్రం రాయిని ఒక్కసారిగా పట్టుకున్నప్పుడు ఆ వేగమంతా షాఫ్టు మీద మెలిగా పడుతుంది. చక్రం లేచిందనగానే యాక్సిలరేటర్ వదిలి, అది ఆగాకే మళ్లీ కొద్దికొద్దిగా ఇవ్వాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు లో గేరులో బలంగా తొక్కినా ముందు వైపు సీవీ జాయింట్లకు (తిరిగే చక్రానికి షాఫ్టును కలిపే కీళ్లకు) ఇదే గతి పడుతుంది. షాఫ్టు మార్పించేటప్పుడు రెండవ వైపుది కూడా బయటకు తీయించి, దాని కొసన ఉండే పళ్లు నిటారుగా ఉన్నాయా మెలితిరిగాయా చూడండి. మెలితిరిగి ఉంటే అది కూడా మారవలసిందే.

ప్రశ్న: పెద్ద టైర్లు, వాటికోసం వీల్ స్పేసర్లు (హబ్బుకూ చక్రానికీ మధ్య పెట్టి చక్రాన్ని బయటకు జరిపే దిమ్మలు) వేయించాలనుకుంటున్నాను. బేరింగులకు నష్టమా?

జవాబు: నష్టమే. హబ్బులోని బేరింగుల అమరిక, చక్రం మీది బరువు వాటి మధ్యగా పడేలా లెక్కించినది. స్పేసరు ఆ బరువును బయటకు జరిపి, బయటివైపు బేరింగు మీద భారం పెంచుతుంది. టైరు పెద్దదైన కొద్దీ షాఫ్టు మీద మెలి కూడా పెరుగుతుంది. పెద్ద టైర్లు తప్పదనుకుంటే స్పేసర్లు లేకుండానే పట్టే కొలతలో ఆగడం మంచిది. స్పేసర్లు వేయించేస్తే మాత్రం, మొదటి 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు చక్రాల నట్లతో పాటు చక్రం విప్పి స్పేసర్ల నట్ల బిగింపును కూడా టార్క్ రెంచితో మళ్లీ చూసుకోండి.