వరద మీద కార్టూన్ వేసిన మేనల్లుడికి

నాన్నా,

నీ కార్టూన్ చూశాను. దాని మీద జనం అన్న మాటలు కూడా చాలావరకు చదివాను. మీ అమ్మ ఫోన్ చేసి "వాడు సరిగ్గా తినడం లేదు వదినా, నువ్వైనా చెప్పు" అంది. ఫోన్‌లో చెప్తే ఈ టెన్షన్‌లో సగమే వింటావని ఉత్తరం రాస్తున్నాను. దినపత్రికలో పాఠకుల ఉత్తరాల పేజీ ఏళ్ల తరబడి చూసినదాన్ని. జనానికి ఎక్కడ కోపం వస్తుందో, ఏ కోపంలో ఏముంటుందో నాకు కొంత తెలుసు.

ముందు నీ బొమ్మ సంగతి. కాలనీ మునిగిపోయింది. డాబా మీద ఒక కుటుంబం ఉంది. పిల్లాడు తండ్రితో "లేక్ వ్యూ ఇల్లు అన్నావు కదా నాన్నా, లేకే ఇంట్లోకి వచ్చింది" అంటున్నాడు. గీత బాగుంది. చెరువుల్లో ఇళ్లు కట్టనిచ్చారు కాబట్టే హైదరాబాద్ మునుగుతోందని చెప్పాలనుకున్నావు. అది నిజమే. కానీ బొమ్మలో ఎవరున్నారో ఒకసారి చూడు. కొన్నవాడు ఒక్కడే ఉన్నాడు. శిఖం భూమిని, అంటే చెరువు లోపలి నేలను, ప్లాట్లు చేసి అమ్మినవాడు లేడు. లేఅవుట్ మీద సంతకం పెట్టినవాడు లేడు. రిజిస్ట్రేషన్ చేసి స్టాంప్ డ్యూటీ కట్టించుకున్న ఆఫీసు, హోమ్ లోన్ ఇచ్చిన బ్యాంకు, కరెంటు మీటరు బిగించినవాళ్లు, ఇంటిపన్ను వసూలు చేసినవాళ్లు, ఎవ్వరూ లేరు. పాఠకుడు కార్టూన్‌ని రెండు క్షణాలు చూస్తాడు. కళ్ల ముందు ఉన్న మనిషిని చూసే నవ్వుతాడు. నీ మనసులో ఉన్న బిల్డర్ అతనికి ఎలా కనిపిస్తాడు?

ఇంట్లో మోకాలి లోతు నీళ్లున్నవాడు పొద్దున్నే పేపర్ తెరిచి, తనను చూసి ఊరంతా నవ్వుతోందనుకున్నాడు. అలా అనుకోవడంలో అతని తప్పేమీ లేదు. నిన్ను తిట్టినవాళ్లలో చాలామంది బాధ ఇదే. కార్టూన్ అర్థంకాక తిడుతున్నారని నువ్వు మీ అమ్మతో అన్నావట. వాళ్లకి అర్థమైంది నాన్నా. నువ్వు గీసిందే అర్థమైంది.

2020 సంగతి గుర్తు చేసుకో. ఆ ఏడాది ఆగస్టు ఆఖర్లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు ఎల్‌ఆర్‌ఎస్ ప్రకటించింది. తమ ప్లాటు సక్రమమో అక్రమమో తెలియక జనం కాగితాలు పట్టుకుని తిరుగుతున్న రోజులవి. నెలన్నర తిరగకముందే, అక్టోబరు 13 రాత్రి కుంభవృష్టి కురిసింది. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. టోలీచౌకీ నదీమ్ కాలనీలో పడవలు తిరిగాయి. పల్లె చెరువు తెగింది, ఆ తర్వాత నాలుగు రోజులకు గుర్రం చెరువు తెగింది. ఆ ఇళ్లలోని వాళ్ల దగ్గర సేల్ డీడ్ ఉంది, పన్ను రసీదు ఉంది. ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడిదాకా వస్తుందో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన ఆఫీసులో మ్యాపు మాత్రం ఉంటుంది. ఆ మ్యాపు మీద కాఫీ కప్పు పెట్టుకుని కూర్చున్న మనిషిని గీసి ఉంటే, నిన్ను తిట్టిన కాలనీవాళ్లే ఆ బొమ్మను కత్తిరించి గోడకు అంటించుకునేవాళ్లు.

ఇలాంటి గొడవ నీతో మొదలవలేదు. 2016 ఆగస్టు 24న ఇటలీలో భూకంపం వచ్చి అమత్రిచే అనే కొండ ఊరు కూలిపోయింది. ఆ భూకంపంలో దాదాపు 300 మంది పోయారు. ఆ ఊరి పేరు మీద ఒక పాస్తా ఉంది. ఫ్రాన్స్ వారపత్రిక షార్లీ ఎబ్డో నెత్తురోడుతున్న బాధితులను రకరకాల పాస్తా వంటకాలుగా చూపించి, శిథిలాల పొరల మధ్య నలిగిన శరీరాలను లజానియా అని రాసింది. అంతకు ఏడాదిన్నర ముందు, 2015 జనవరిలో, ఆ పత్రిక ఆఫీసు మీద దాడి చేసి 12 మందిని చంపినప్పుడు ఇటలీ జనం కూడా "మేమూ షార్లీయే" అన్నారు. అలా అన్నవాళ్లే ఈసారి మండిపడ్డారు. ఆ బొమ్మ ఫ్రాన్స్ అభిప్రాయం కాదని రోమ్‌లోని ఫ్రెంచి రాయబార కార్యాలయం ప్రకటించాల్సి వచ్చింది. అమత్రిచే మున్సిపాలిటీ పరువు నష్టం ఫిర్యాదు చేసింది.

నువ్వు గమనించాల్సింది ఆ తర్వాత జరిగిన విషయం. విమర్శలకు జవాబుగా అదే పత్రిక కార్టూనిస్టు ఒకరు ఇంకో బొమ్మ వేశారు. మీ ఇళ్లు కట్టింది షార్లీ ఎబ్డో కాదు, మాఫియా అని దాని సారాంశం. ఆ మాటలో దమ్ముంది. కట్టడాలు అంత సులువుగా ఎందుకు కూలాయని అప్పట్లో ఇటలీ వాళ్లే అడిగారు, దర్యాప్తు కూడా మొదలైంది. అయినా ఆ బొమ్మ ఎవరి చెవికీ ఎక్కలేదు. ముందు పుండు మీద కారం చల్లి, తర్వాత మందు పేరు చెప్తే ఎవరు వింటారు? అసలు చెప్పాల్సిన విషయం మొదటి బొమ్మలోనే ఉండాలి. తిట్లు పడ్డాక వచ్చే రెండో బొమ్మ ఎంత మంచిదైనా సంజాయిషీలాగే కనిపిస్తుంది. నువ్వు ఇప్పుడు వేద్దామనుకుంటున్న జవాబు కార్టూన్ వద్దు అంటున్నది అందుకే.

అమెరికాలో 2017లో హార్వీ తుపాను టెక్సాస్‌ను ముంచినప్పుడు పొలిటికో పత్రికలో ఒక కార్టూన్ వచ్చింది. ప్రభుత్వమంటే పడనివాడు, అమెరికా నుంచి విడిపోదామనేవాడు, చివరికి ప్రభుత్వం పంపిన కోస్ట్ గార్డ్ చేతుల్లోనే రక్షణ పొందుతూ, దేవుడే దేవదూతల్ని పంపాడంటాడు. రాజకీయంగా చూస్తే పదునైన మాటే. కానీ ఆ రోజుల్లో నిజంగా ఇళ్ల కప్పుల మీద నిలబడి చేతులూపుతున్నవాళ్లు అన్ని రంగుల, అన్ని పార్టీల మనుషులు. విమర్శలు వచ్చాక ఆ పత్రిక ఆ కార్టూన్ ట్వీట్‌ను తీసేసింది. 2011లో జపాన్ సునామీ వచ్చినప్పుడు మలేషియా పత్రిక బెరిటా హరియన్, టీవీ వీరుడు అల్ట్రామ్యాన్ అల ముందు పరుగెత్తుతున్నట్టు బొమ్మ వేసి, తర్వాత క్షమాపణ చెప్పింది. అందులో ఎవరి మీదా విమర్శ లేదు. చావును ఊరికే సరదాగా వాడుకున్నారు. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది అలాంటి బొమ్మే.

ఇక పత్రికలో పని జరిగే తీరు గురించి చెప్తాను, ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు పాకెట్ కార్టూన్ సాయంత్రం ఇచ్చేస్తావు. సిటీ ఎడిషన్ అర్ధరాత్రి దాటాక ప్రింటుకి వెళ్తుంది. ఈ మధ్యలో వరద ఆగదు. 2020లో బండ్లగూడలో గోడ కూలి ఇళ్ల మీద పడి పసిపాపతో సహా మనుషులు పోయింది అలాంటి రాత్రే. సాయంత్రానికి ట్రాఫిక్ జామ్, బైకులు కొట్టుకుపోవడం మాత్రమే వార్తలుగా ఉంటాయి, నీ జోకు అప్పటికి తగినట్టే ఉంటుంది. పొద్దున పేపర్‌లో దాని పక్కన శవాల ఫొటో ఉంటుంది. పాఠకుడు ఆ రెండూ కలిపే చూస్తాడు. నువ్వు ఏ గంటకి గీశావన్నది అతనికి తెలియదు.

కాబట్టి భారీ వాన రోజున బొమ్మ ఇచ్చేసి ఇంటికెళ్లి పడుకోకు. నైట్ డెస్క్‌కి ఫోన్ చెయ్. ప్రధాన వార్త ఏంటి, మొదటి పేజీ ఫొటో ఏంటి, ప్రాణనష్టం ఏమైనా ఉందా అని అడుగు. మార్చుకోవడానికి ఇంకో బొమ్మ ముందే గీసి పెట్టుకో. అందులో జోకు ఉండాల్సిన అవసరం లేదు. నడుం లోతు నీళ్లలో ముసలావిడను వీపు మీద మోస్తున్న కుర్రాణ్ని మాటలు లేకుండా గీసినా అది ఎడిటోరియల్ కార్టూనే. నవ్వించకపోతే కార్టూన్ కాదన్న భయం మీ వయసు వాళ్లలో ఎక్కువ చూస్తున్నాను. ఆ భయం వదిలెయ్.

బొమ్మలో గుర్తుల విషయంలో ఈ ఊళ్లో మరింత జాగ్రత్త కావాలి. మునిగిన మనిషి నెత్తిన టోపీ పెట్టావంటే, అవసరం లేకుండా అది మతం బొమ్మ అయిపోతుంది. బస్తీ మనిషి నోట తెలంగాణ యాస పెట్టి, ఆఫీసర్ నోట పుస్తకాల భాష పెడితే, యాసను ఎగతాళి చేశావంటారు, అది న్యాయమే. ఆఫీసర్ కూడా ఈ ఊరివాడే అయినప్పుడు అతనూ అదే యాసలో మాట్లాడతాడు కదా?

జనం స్పందనను ఎలా చదవాలో చెప్పమన్నావు. ముందు, కాలనీ పేరు చెప్పి మాట్లాడినవాళ్లను వేరుగా పెట్టుకో. "మాది ఫలానా నగర్, మా అమ్మ మందులు కొట్టుకుపోయాయి, నీకు నవ్వెలా వచ్చింది" అనేవాళ్లు. వాళ్లవి ఒక్కొక్కటీ చదువు, వీలైతే ఒక్కొక్కరికీ జవాబు రాయి. తర్వాత, మా ప్రభుత్వాన్ని అంటావా, మా నాయకుణ్ని అంటావా అనేవాళ్లు వస్తారు. నీ బొమ్మలో ఏ ప్రభుత్వమూ లేదు, అయినా వస్తారు. వాళ్లకి జవాబు అక్కర్లేదు. బెదిరింపు ఏదైనా ఉంటే తుడిచెయ్యకుండా ఎడిటర్‌కి చూపించు. లీగల్ నోటీసు వస్తే అది నువ్వు ఒక్కడివే మొయ్యాల్సింది కాదు, పత్రిక చూసుకుంటుంది.

మెచ్చుకున్నవాళ్లనూ అంతే శ్రద్ధగా చదవమంటాను. నువ్వు ఆ పని చేయలేదని నా అనుమానం. "చెరువులో కట్టుకున్నారుగా, అలాగే కావాలి" అని నీ బొమ్మ కింద చప్పట్లు కొట్టినవాళ్లు ఉన్నారు. అవి చదివినప్పుడు, తిట్లు చదివినప్పటికన్నా ఎక్కువ కష్టమనిపించింది నాకు. నువ్వు అలాంటివాడివి కాదు. కానీ వాళ్లకి నీ బొమ్మలో చోటు దొరికింది. ఏ బొమ్మ అయినా బయటికి పంపేముందు, దీన్ని చూసి ఎవరు సంతోషిస్తారని ఆలోచించుకో. చెరువు మింగినవాడు హాయిగా నవ్వుకోగలిగితే ఆ బొమ్మ మార్చాలి.

ఇంకో చిన్న జాగ్రత్త. సంతకం పక్కన తేదీ వెయ్యి. బొమ్మ వాట్సాప్‌లో పడ్డాక పేపర్ నుంచి విడిపోతుంది. వచ్చే ఏడాది ఇంకో ఊరి వరదకి, ఇంకొన్ని చావుల పక్కన ఎవరో దాన్ని తిప్పుతారు.

కొందరు నీకు అసలు విపత్తుల మీద కార్టూన్లే వేయకు అని చెప్తున్నారట. నేను ఒప్పుకోను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ ఊళ్లో వేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటాం. అప్పుడు వానను తిట్టుకుని ఊరుకోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఆ రెండు చెరువుల పరీవాహకంలో కట్టడాలు పెరగకూడదని 1996లో 111 జీవో ఇచ్చారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69వ జీవో ఇచ్చారు. వాన ఎంత పడాలో మన చేతుల్లో లేకపోవచ్చు, నీళ్లు ఎవరింట్లోకి పోవాలో మాత్రం ఇలాంటి కాగితాల మీదే తేలుతుంది. వాటి మీద సంతకాలు చేసేవాళ్లను గీయడం నీ పని. జీవోలు చదువు, మ్యాపులు చూడు. వరద వచ్చిన రోజు వెతుక్కుంటే దొరకవు, ఎండాకాలంలోనే చదివి పెట్టుకో. వాననీటి కాలువల్లో పూడిక తీయలేదన్న బొమ్మ మే నెలలో వేస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు, నవ్వు కూడా సరైన మనిషి మీదే పడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది. ఆ కార్టూన్‌ను చడీచప్పుడు లేకుండా తీసేయకు. తీసేస్తే దాచావంటారు, పైగా బాధపడ్డవాళ్లకి జవాబు దొరకదు. నాలుగైదు వాక్యాల నోట్ రాసి, మీ ఎడిటర్‌ని అడిగి అదే చోట వేయించు. "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే" అని మాత్రం రాయకు. దెబ్బతిన్నాయి, వాళ్లెవరో నీకు తెలుసు. ఇళ్లు మునిగినవాళ్లను నవ్వులపాలు చేసేలా బొమ్మ వచ్చిందని, అందుకు క్షమించమని సూటిగా రాయి. చెరువుల గురించి చెప్పదలిచిన మాట మీద నిలబడతానని కూడా రాయి. అది వెనక్కి తీసుకోనక్కర్లేదు. కార్టూన్‌కి అర్థం వివరించకు.

తర్వాత ఆ కాలనీకి వెళ్లు. ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వద్దు, కాసేపు కూర్చోవడానికి వెళ్లు. గోడల మీద నీటి గీత ఏ ఎత్తున ఉందో చూడు. డాబాల మీద టెన్త్ మెమోలు, ఆధార్ కార్డులు, పెళ్లి ఫొటోలు రాళ్లు పెట్టి ఆరబెట్టుకుంటూ ఉంటారు. ఆఫీసులో ఏసీ కింద కూర్చుంటే ఇవి తోచవు. తిడితే విను. 2020లో ఇంటికి 10 వేల సాయం కోసం మీ సేవ కేంద్రాల ముందు జనం ఎంత పొడుగు క్యూలు కట్టారో వాళ్లను అడిగితే చెప్తారు. ఈసారి కూడా ఆ క్యూ దాకా వస్తే, నువ్వు గీయాల్సింది క్యూలో నిలబడ్డ మనిషినా, కౌంటర్ వెనకున్న మనిషినా, ఆ కౌంటర్‌ను అక్కడ పెట్టించిన మనిషినా అన్నది అక్కడే నిర్ణయించుకో.

నోట్ రాయగానే ముందు నాకు పంపు, చూస్తాను. కాలనీకి ఎప్పుడు వెళ్తావో చెప్తే నేనూ వస్తాను. నీళ్లు తీశాక అందరికీ దోమలు, జ్వరాలు మొదలవుతాయి, కాస్త ఓఆర్‌ఎస్, దుప్పట్లు పట్టుకెళ్దాం.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య