ఫెజ్ పాత నగరంలో గైడ్ లేకుండా తిరగొచ్చా?

మొరాకోలోని ఫెజ్ మదీనాలో, అంటే పాత నగరంలో, సొంతంగా తిరిగితే తప్పిపోతామా అని అడిగారు. తప్పిపోతారు, అయితే ఏమైంది? వేల సందులున్నాయని ప్రతి వీడియోలోనూ భయపెడతారు గానీ, ఊరు వాలు మీద ఉందని ఒక్కరూ చెప్పరు. పైన బాబ్ బూ జెలూద్ ద్వారం, కింద ఖరావియ్యీన్ మసీదు. పల్లానికి దిగితే మసీదు దగ్గర తేలతారు, ఎత్తుకి ఎక్కితే ద్వారం దగ్గర. నన్నడిగితే ఇక మ్యాప్ కూడా దండగే.

మా ఆయన మాత్రం ఫోన్ వదల్లేదు. తలా కబీరా వీధి నుంచి పక్క సందులోకి తిరిగాక, ఆ ఎత్తు గోడల మధ్య ఫోన్‌లో నీలం చుక్క కాసేపు ఎవరి మేడ మీదో, కాసేపు నది అవతలో చూపిస్తోంది. ఇంతలో వెనక నుంచి "బాలక్! బాలక్!" అని కేకలు, తప్పుకోండి అని. లోపలికి కార్లు రావు కదా, సరుకంతా కంచర గాడిదల మీదే, ఆ వచ్చేదానికి రెండు వైపులా గ్యాస్ సిలిండర్లు కట్టారు. సందు చూస్తే చేతులు బారా చాపినంత కూడా లేదు. ఎవరో పెద్దావిడ తలుపు తీసి నన్ను భుజం పట్టి గుమ్మంలోకి లాగేసింది, మా ఆయన గోడకి అతుక్కుపోయారు, సిలిండర్ ఆయన చొక్కాకి రాసుకుంటూ పోయింది. ఈ గోలలోనే ఒక కుర్రాడు తగులుకుని, ముందు దారి మూసేశారు, తోళ్లు ఊనే చోటు చూపిస్తా రండి అంటూ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఆవిడ ఏం తిట్టిందో తెలీదు, వాడు మళ్లీ కనబడితే ఒట్టు. మాకు చేత్తో కిందికి చూపించింది. దిగుతూ పోతే సుత్తి దెబ్బలు వినిపించాయి, అదే రాగి గిన్నెలు కొట్టే సెఫ్ఫారీన్ చౌక్. పక్కనే ఖరావియ్యీన్. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆవిడ కట్టించిందని చెబుతారు. ముస్లిమేతరులను రానివ్వరు, గుమ్మం దగ్గర నుంచే చూడాలి. 14వ శతాబ్దపు బూ ఇనానియా మదరసాకైతే టికెట్ కొని లోపలికెళ్లొచ్చు.

నా అసలు కోపం ప్యాకేజీ టూర్ల మీద. 1981 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న ఊరికి ఒక పూట ఇస్తారు, అందులో సగం తివాచీల దుకాణంలో టీ తాగించడానికే పోతుంది. తర్వాత చువారా తోళ్ల తొట్లు. సున్నం, పావురాల రెట్ట కలిపిన వాసన కదా, చేతిలో పుదీనా రెమ్మ పెట్టి డాబా ఎక్కిస్తారు, దిగేటప్పుడు బ్యాగు అంటగడతారు. ఆపైన భోజనానికి వెతికి వెతికి పనీర్ కూర! అచ్చం మన వంకాయ పచ్చడిలా ఉండే జాలూక్ ఉంది, ఎండు బాకలా అనే చిక్కుడు గింజలతో చేసే బిస్సారా సూపు ఉంది, శాకాహారులకి ఇంకేం కావాలి?

శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, చాలా దుకాణాలు మూసేస్తారు. మోకాళ్ల నొప్పులుంటే కింద కార్లు వచ్చే ర్సీఫ్ చౌక్ దగ్గర ఎర్ర టాక్సీ ఎక్కండి, మీటర్ వేయించాకే కూర్చోండి.