కాలిఫోర్నియాలో 30 రోజులు: లెక్క ఎక్కడ మొదలు?

ప్రశ్న: మాది ఆస్టినండి. పీహెచ్‌డీ చేశాను, టెక్సాస్ లైసెన్స్ మీద పన్నెండేళ్లుగా సైకాలజిస్ట్‌గా ప్రాక్టీస్ చేస్తున్నా. మా అమ్మాయి పురుడు కాలిఫోర్నియాలో, డిసెంబర్ మొదట్లో వెళ్తే ఫిబ్రవరి ఆఖరుదాకా అక్కడే ఉంటాను. ఫ్రెండ్ వాళ్ల క్లినిక్‌లో వారానికి మూడ్రోజులు పేషెంట్లని చూడమంటోంది. వేరే రాష్ట్రాల పేషెంట్లని చూసేందుకు సైకాలజిస్టులకి ఇచ్చే ఈ-పాస్‌పోర్ట్ నాకు ఉంది, అది చాలదా? వేరే టెంపరరీ పర్మిట్ తీసుకోవాలా?
- ఓ పాఠకురాలు

జవాబు: చాలదండి. ఈ-పాస్‌పోర్ట్ వీడియో సెషన్లకే. ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాలంటే ఐపీసీ అని ఇంకో సర్టిఫికెట్ ఉంటుంది, దాంతో సైప్యాక్ట్ అని సైకాలజిస్టుల కోసం రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందంలో ఉన్న ఒక్కో రాష్ట్రంలో ఏడాదికి 30 రోజులు చూడొచ్చు, కానీ దానికి ఇప్పుడు డబ్బులు కట్టకండి, ఎందుకంటే 40కి పైగా రాష్ట్రాలు చేరినా కాలిఫోర్నియా మాత్రం ఆ ఒప్పందంలోకి రాలేదు.

మీకు పనికొచ్చేది కాలిఫోర్నియా సొంత చట్టం, సెక్షన్ 2912. వేరే రాష్ట్రంలో డాక్టరేట్ స్థాయి సైకాలజిస్ట్ లైసెన్స్ ఉన్నవాళ్లు ఒక క్యాలెండర్ ఏడాదిలో 30 రోజులు మించకుండా అక్కడ పని చేయొచ్చు. క్యాలెండర్ ఏడాది అన్నారు చూడండి, అదే మీకు కలిసొచ్చింది. వారానికి మూడ్రోజులంటే డిసెంబర్‌లో ఓ పదమూడు రోజులు, జనవరి ఒకటిన లెక్క మళ్లీ సున్నా, ఫిబ్రవరి అయ్యేసరికి ఇరవై అయిదో ఇరవయ్యారో అవుతాయి. ఆ ఏడాదికి మిగిలేది నాలుగైదు రోజులే, మనవడిదో మనవరాలిదో అన్నప్రాసనకి వెళ్లినప్పుడు మీ ఫ్రెండ్ మళ్లీ రమ్మంటే అది గుర్తుపెట్టుకోండి. ఒక్క సెషన్ చూసినా ఆ రోజు మొత్తం లెక్కలో వేసుకోండి, తేదీలు ఓ డైరీలో రాసుకోండి. మీ ఆస్టిన్ పేషెంట్ ఎవరైనా కాలిఫోర్నియా ట్రిప్‌లో ఉండగా వీడియోలో మాట్లాడి ఉంటే అదీ కలపండి, పేషెంట్ ఎక్కడ కూర్చుంటే అక్కడి రూల్సే.

అసలు నాకు భయం రోజుల గురించి కాదు. పేషెంట్ మీ ఎదురుగా కూర్చుని ఫలానావాణ్ణి చంపేస్తానన్నాడు అనుకోండి. టెక్సాస్‌లో అయితే ఆ మనిషిని హెచ్చరించాల్సిన బాధ్యత థెరపిస్ట్ మీద పెట్టడానికి అక్కడి సుప్రీంకోర్టు 1999లో ఒప్పుకోలేదు. కాలిఫోర్నియాలో 1976లో అక్కడి సుప్రీంకోర్టు టారసాఫ్ కేసులో ఇచ్చిన తీర్పు నుంచి ఆ మనిషిని కాపాడే బాధ్యత మీదే. పన్నెండేళ్ల అలవాటు కదా, చెయ్యి పాత దారికే పోతుంది, అందుకే మొదటి పేషెంట్‌ని చూడకముందే అక్కడి రూల్స్ ఒకసారి చదువుకోండి. మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ వాళ్లకీ ఒక మెయిల్ పెట్టి, కాలిఫోర్నియాలో చూసే పేషెంట్లకి కూడా కవరేజీ ఉందని రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఒకవేళ పాపనో బాబునో వదల్లేక అక్కడే ఉండిపోదామనిపిస్తే దారి వేరు, కాలిఫోర్నియా లైసెన్స్‌కి అప్లై చేస్తే 180 రోజులదాకా పని చేసుకోనిస్తారు. కాకపోతే అప్లికేషన్ పెట్టిన రోజు, అక్కడ కాపురం మొదలైన రోజు, రెండిట్లో ఏది ముందైతే అక్కణ్ణుంచే లెక్క.