అమ్ములుకి మూడేళ్ల బ్రిటన్ చరిత్ర: పెద్దమ్మ ఉత్తరం

చి. ల. సౌ. సుమకి,

పెద్దమ్మ ఆశీస్సులు. సెప్టెంబర్ నుంచి అమ్ములుని ఇంట్లోనే చదివిస్తున్నామని, లెక్కలు, సైన్సు అల్లుడు చూసుకుంటాడని, చరిత్ర నీ వంతుకి వచ్చిందని రాశావు. నువ్వు ఇండియాలో చదివావు కాబట్టి ఈ దేశం చరిత్ర చెప్పగలనా అని నీ టెన్షన్. ఇక్కడి సెకండరీ బళ్లలో ఏళ్ల తరబడి అదే పాఠం చెప్పిన దాన్ని కాబట్టి నాకు తెలిసింది వివరంగానే రాస్తాను.

నువ్వు పంపిన ప్లాన్ చదివాను. 1066తో మొదలై వారానికో రాజు, రాణి, యుద్ధం. దయచేసి దాన్ని పక్కన పెట్టు. పదకొండేళ్ల పిల్లకి అలా చెబితే పేర్లు నోటికి వస్తాయి, ఏది ఎందుకు జరిగిందో మాత్రం తెలియదు. టర్ముకి ఒక్క పెద్ద ప్రశ్న పెట్టుకో. టర్ము పూర్తయ్యేసరికి ఆ ప్రశ్నకి అమ్ములు తన మాటల్లో, తను చూసిన ఆధారాలు చూపిస్తూ జవాబు రాయగలగాలి. ఏడాదికి మూడు టర్ముల లెక్కన మూడేళ్లలో తొమ్మిది ప్రశ్నలు. అంతకుమించి పెట్టుకుంటే ఏదీ లోతుగా చదవలేరు. ఎంతో వదిలేయాల్సి వస్తుంది, వదిలెయ్. సింహాసనం కోసం జరిగిన గులాబీ యుద్ధాలు రానంత మాత్రాన పిల్లకి వచ్చే నష్టమేమీ లేదు.

చట్టం గురించి భయపడకు. 1996 ఎడ్యుకేషన్ యాక్ట్ ప్రకారం ఇంగ్లండ్‌లో పిల్లకి తగిన చదువు అందేలా చూడటం తల్లిదండ్రుల బాధ్యత. అది బడిలోనైనా సరే, మరో విధంగానైనా సరే. నేషనల్ కరికులమ్ పాటించి తీరాలన్న నియమం ఇంటి చదువుకి లేదు. అయినా పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకి అందులో ఏముందో ఒకసారి చదువు. 1066 నుంచి 1509, అక్కణ్నుంచి 1745, తర్వాత 1901, ఆపైన నేటి దాకా అని నాలుగు ముక్కలు. వాటితోపాటు 1066కి ముందుది ఒక అంశం, మీ ఊరి చరిత్ర ఒకటి, ప్రపంచ చరిత్ర నుంచి ఒకటి. చట్రంగా అది బాగానే పనికొస్తుంది, పైగా పిల్ల మళ్లీ బడికి వెళ్లాలనుకుంటే ఇబ్బంది ఉండదు.

మొదటి ప్రశ్న ఇలా పెట్టు: ఒక్క యుద్ధం గెలిచిన నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండ్ మొత్తాన్ని ఎలా లొంగదీసుకున్నాడు? హేస్టింగ్స్ యుద్ధం 1066 అక్టోబర్ 14న ఒక్క రోజులో ముగిసింది. ఆ కథ చెప్పడానికి ఒక వారం చాలు. టర్ములో మిగతా భాగమంతా ఆ తర్వాత ఏమైందన్నదానికే. కోటలు, లాక్కున్న భూములు, 1069–70లో ఉత్తరాన జరిగిన విధ్వంసం, 1086 నాటి భూముల లెక్కల పుస్తకం డూమ్స్‌డే బుక్. ఆ పుస్తకంలో యార్క్‌షైర్ ఊళ్లు చాలావాటి పక్కన పాడుపడ్డాయనే అర్థంలో రాసి ఉంటుంది. విలియం సైన్యం పాడుచేయడం వల్లే అలా రాశారా, ఆ ఊళ్ల లెక్కలు అధికారులకి సరిగ్గా అందలేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదన అమ్ములు ముందు పెట్టు. ఆ దండయాత్రని గుడ్డ మీద కుట్టి చూపిన బేయో టేపెస్ట్రీ బొమ్మలు కూడా చూపించు. దాదాపు 70 మీటర్ల పొడవు, గెలిచినవాళ్ల వైపు నుంచి చెప్పిన కథ. ఇది ఎవరు చేయించారు, ఎప్పుడు, ఎవరు చూడాలని, ఇందులో ఏం చెప్పలేదు? ఈ నాలుగు ప్రశ్నలూ మూడేళ్లపాటు ప్రతి ఆధారానికీ అడగండి.

మధ్యయుగాలకి రెండో ప్రశ్న: రాజుని ఎదిరించగలిగింది ఎవరు? 1170లో చంపబడిన ఆర్చ్‌బిషప్ బెకెట్, రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 మాగ్నా కార్టా, 1381 రైతుల తిరుగుబాటు మూడూ అందులో ఇమిడిపోతాయి. ఆ తిరుగుబాటుకి ముందు 1348లో వచ్చిన ప్లేగు గురించి తప్పకుండా చెప్పు. కూలీలు కరువై, బతికినవాళ్ల శ్రమకి విలువ పెరిగిందని అర్థమైతేనే 1381 అర్థమవుతుంది. మూడోది ఎనిమిదో హెన్రీ కాలం. అతని ఆరుగురు భార్యల కథ పిల్లలు ఎలాగూ ఎక్కడో ఒకచోట వింటారు. నువ్వు మఠాల గురించి అడుగు: 1536 నుంచి 1540 లోపు మఠాలన్నీ మూసేస్తే పక్క ఊరి పేదవాడికి ఏం తేడా వచ్చింది? అలా మూతపడి శిథిలమైన ఫౌంటెన్స్ ఆబీ మఠానికి ఒకరోజు తీసుకెళ్లు. కప్పులేని ఆ గోడల మధ్య నిలబడితే ప్రశ్న దానంతటదే పుడుతుంది.

రెండో ఏడాది మొదటి టర్ముకి 1649లో రాజు తల తీసిన దేశం 1660లో అతని కొడుకుని ఎందుకు పిలిచిందన్నది సరిపోతుంది. తర్వాతి టర్ము బానిస వ్యాపారం మీద. 1833లో బానిసత్వాన్ని రద్దుచేస్తూ పార్లమెంటు 2 కోట్ల పౌన్ల పరిహారం బానిసల యజమానులకి ఇచ్చింది, బానిసలకి ఏమీ ఇవ్వలేదు. ఈ ఒక్క విషయం మీదే పిల్లతో వారమంతా మాట్లాడొచ్చు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన టర్ము పత్తిది. మాంచెస్టర్‌లో ఉంటున్న తెలుగు పిల్లకి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. మన తీరం అద్దకం బట్టలకి ఇక్కడ ఎంత గిరాకీ వచ్చిందంటే, ఉన్ని, పట్టు నేతగాళ్లు గొడవచేసి 1700లోనూ 1721లోనూ పార్లమెంటు చేత వాటిని కట్టడిచేసే చట్టాలు చేయించారు. ఆ బట్టలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి, ప్రవేశం ఉచితం. తర్వాత యంత్రాలొచ్చాయి. మీకు దగ్గర్లోనే స్టైల్ అనే ఊళ్లో 1784లో శామ్యూల్ గ్రెగ్ కట్టిన క్వారీ బ్యాంక్ మిల్లు ఉంది. అనాథ పిల్లల్ని, పేద పిల్లల్ని తెచ్చి పని చేయించిన అప్రెంటిస్ హౌస్ కూడా అక్కడే ఉంది. 1806లో అక్కణ్నుంచి లండన్ పారిపోయిన జోసెఫ్ సెఫ్టన్, థామస్ ప్రీస్ట్లీ అనే కుర్రాళ్లు మేజిస్ట్రేట్‌కి చెప్పిన మాటలు నేటికీ ఉన్నాయి. అమ్ములు అవి చదివాకే మిల్లు చూడాలి. అమెరికాలో బానిసలు పండించిన పత్తి ఇక్కడ బట్ట అయ్యి మన దేశానికే తిరిగొచ్చింది. 1862 చివర్లో, అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక పస్తులుంటూ కూడా, మాంచెస్టర్ కార్మికులు లింకన్‌కి మద్దతు తెలుపుతూ ఉత్తరం రాశారు. ఆయన జవాబులోని మాటలు మీ ఊళ్లో ఆయన విగ్రహం కింద చెక్కి ఉన్నాయి. 1931లో గాంధీగారు డార్వెన్ అనే మిల్లుల ఊరికి వచ్చి, విదేశీ బట్ట బహిష్కరణతో దెబ్బతిన్న మిల్లు కార్మికుల్నే కలిశారు. ఇదంతా ఒకే దారం వెంట నడిచే కథ. దీనికి టర్ము చాలకపోతే తర్వాతి టర్ములోంచి వారాలు లాక్కో.

ఇక్కడే ఒక మాట. సామ్రాజ్యం గురించి చెప్పేటప్పుడు మన బాధ దాచొద్దు, అలాగని పిల్ల నోట్లో తీర్పు పెట్టొద్దు. గోదావరి జిల్లాల రైతులు ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కి ఇప్పటికీ దండలు వేస్తారు. అదే గోదావరి మన్యంలో 1922లో అల్లూరి సీతారామరాజు ఆ ప్రభుత్వం మీదే తిరగబడ్డాడు. రెండూ ఎలా సాధ్యమని అమ్ములునే అడుగు. తాతయ్యకి ఫోన్ చేసి అడగమను. రెండూ నిజమేనని తనంతట తను రాసిన రోజున నీ పాఠం చేరినట్టే.

మూడో ఏడాది ఓటు హక్కుతో మొదలుపెట్టు. 1819 పీటర్లూ ఊచకోత మీ ఊరి నడిబొడ్డున జరిగింది, ఓటు హక్కు అడుగుతున్న దాదాపు 60 వేల మంది సభ మీదకి గుర్రపు దళాన్ని తోలారు. ఎమెలిన్ పాంక్‌హర్స్ట్ 1903లో ఆడవాళ్ల ఓటు కోసం సంఘం పెట్టిన ఇల్లు నెల్సన్ స్ట్రీట్‌లో ఉంది. 1911 జనాభా లెక్కల కాగితాలు కుటుంబాలు సొంత చేతిరాతతో నింపినవి. ఓటు లేనప్పుడు మమ్మల్ని లెక్కపెట్టడమెందుకని కొందరు ఆడవాళ్లు వాటిని బహిష్కరించారు. మీ వీధిలో అప్పుడు ఎవరెవరు ఉండేవారో వెతకండి. మీ ఊరి చరిత్ర అంశం కూడా దాంతోనే తీరిపోతుంది.

నాజీలు యూదుల్ని చంపిన హోలోకాస్ట్ పాఠం మాత్రం ఆ ఏడాది దాకా ఆగాలి. శవాల ఫొటోలు చూపించకు. అంతకుముందు ఆ యూదు కుటుంబాలు ఎలా బతికాయో చెప్పు, 1938–39లో బ్రిటన్‌కి రైళ్లలో వచ్చిన దాదాపు 10 వేల మంది పిల్లల కథ చెప్పు, బతికి బయటపడ్డవాళ్ల మాటలు వినిపించు. పాఠం అయ్యాక పిల్లని ఒంటరిగా వదలకు, ఆ సాయంత్రం తనతోనే ఉండు. చివరి టర్ము 1945 తర్వాతది: 1948లో ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ ఉచిత వైద్య సేవ, అదే ఏడాది కరీబియన్ నుంచి వలస వచ్చినవాళ్లని తెచ్చిన విండ్‌రష్ ఓడ, 1972లో ఉగాండా నుంచి వచ్చిన మనవాళ్లు, చివరికి మీరిద్దరూ ఎందుకు వచ్చారన్నది. మీ ఇంటర్వ్యూ అమ్ములే తీసుకోవాలి.

వారానికి రెండు గంటలు చాలు. ఒక గంట నువ్వు కథ చెప్పు, రెండో గంట ఆధారం ముందు పెట్టుకుని ఇద్దరూ చదవండి. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల విద్యా విభాగంలో అసలు పత్రాలు పాఠాలతో సహా ఉచితంగా దొరుకుతాయి. హాలు గోడకి పొడవాటి కాగితం అంటించు, వందేళ్లకి అర మీటరు. వరుసగా చెప్పకుండా ప్రశ్నలతో వెళ్తున్నారు కాబట్టి, ఏది ఎప్పుడు జరిగిందో ఆ కాగితమే చెప్పాలి. మొదటి ఏడాది టర్ము చివర ఒక పేజీ రాస్తే చాలు, మూడో ఏడాదికి మూడు పేజీలు రావాలి. మార్కులు వేయకు. ఏ వాక్యానికి ఆధారం లేదో పెన్సిల్‌తో గీత పెట్టు, తనే వెతికి రాస్తుంది.

పదహారేళ్లప్పుడు రాసే జీసీఎస్ఈ పరీక్షల ఆలోచన ఇప్పుడే వద్దు. మూడో ఏడాది మధ్యలో, ప్రైవేట్ అభ్యర్థుల్ని తీసుకునే పరీక్షా కేంద్రం మీకు దగ్గర్లో ఎక్కడుందో అల్లుణ్ని కనుక్కోమను.

ఈ నెలలో మొదటి ప్రశ్నకి మాత్రమే వారాల వారీగా ప్లాన్ రాసి పంపు. ఏ ఆధారం ఏ వారం చూపిస్తావో అందులో ఉండాలి. చదివి వెంటనే చెప్తాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ