నర్సీపట్నంలో ఉంటూ ఎలక్ట్రిక్ కారు కొనొచ్చా?

ప్రశ్న: మాది నర్సీపట్నం. అమ్మని తరచూ చెకప్‌కి విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్లాలి, రానూపోనూ 170 కిలోమీటర్లు దాటుతుంది. ఎలక్ట్రిక్ కారు మీద మనసుంది గానీ ఛార్జింగ్ స్టేషన్ల మీద నమ్మకం కుదరట్లేదు. అమ్మతో దారిలో ఆగిపోతే ఎలా అన్నదే టెన్షన్. కొనమంటారా?

జవాబు: సొంత ఇల్లు ఉండి, బండి పెట్టుకునే చోటికి కరెంటు వైరు లాగించుకోగలిగితే కొనండి. అద్దె ఇంట్లో పైఅంతస్తులో ఉంటూ బయటి స్టేషన్ మీదే ఆధారపడాలంటే మాత్రం ఇప్పుడే వద్దు. చిన్న ఊళ్లో ఈ బండ్లు నడిచేది ఇంటి కరెంటుతోనే, స్టేషన్ అనేది దూరం వెళ్లినప్పుడు అవసరానికి మాత్రమే.

ఇంట్లో కావలసింది ఏసీకి పెట్టే 16 ఆంప్స్ సాకెట్, దానికి మీటర్ దగ్గర నుంచి విడిగా వైరు, అన్నిటికంటే ముఖ్యంగా మంచి ఎర్తింగ్. ఎర్తింగ్ సరిగా లేకపోతే కారుతో ఇచ్చే ఛార్జర్ తప్పు చూపించి ఆగిపోతుంది, అందుకే బండి ఇంటికి రాకముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఛార్జింగ్‌కి 3 కిలోవాట్లకు పైగా లాగుతుంది, మీ కనెక్షన్ లోడ్ చాలకపోతే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి అదనపు లోడ్ కోసం దరఖాస్తు పెట్టండి. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్రం 2022 మార్గదర్శకాల్లోనే చెప్పింది. 24 యూనిట్ల బ్యాటరీ నిండటానికి 8, 9 గంటలు, రాత్రి పెడితే తెల్లారేసరికి సిద్ధం.

ఇక విశాఖ సంగతి. టాటా వాళ్ల చిన్న ఎలక్ట్రిక్ కారు టియాగో ఈవీలో 24 యూనిట్ల బ్యాటరీ ఉన్నది ఏసీ వేసుకుని హైవే మీద వెళ్తే ఇంచుమించు 180, 200 కిలోమీటర్లు వస్తుంది. మీ దూరానికి అది బొటాబొటీ, ఆసుపత్రికి వెళ్లే బండికి అలాంటి లెక్క అస్సలు పనికిరాదు. కాబట్టి 35 యూనిట్లకు తగ్గని బ్యాటరీ ఉన్న బండి చూడండి, లేదంటే అమ్మ డాక్టర్ దగ్గర ఉన్నప్పుడు ఎవరైనా బండి తీసుకెళ్లి సిటీలో ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టాలి. 25, 30 కిలోవాట్ల ఛార్జర్ అయితే చిన్న బండి 10 నుంచి 80 శాతానికి గంటలో వస్తుంది, 80 దాటాక బాగా నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడితో తీసేయడమే మంచిది, వెనక ఇంకొకరు ఎదురుచూస్తుంటారు కూడా. ఇంటికంటే ఖర్చు ఎక్కువే, ఆ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

మ్యాప్‌లో కనిపించిన ప్రతి ఛార్జర్‌నీ నమ్మకండి. ఒక బంకులో స్క్రీన్ వెలుగుతూనే ఉంది, గన్ను (కారుకి గుచ్చే ప్లగ్గు) మాత్రం ప్లాస్టిక్ కవర్ చుట్టి తాడుతో కట్టేసి ఉంది, అడిగితే ఎప్పటినుంచో పనిచేయట్లేదన్నారు! బయల్దేరే ముందు ఫోన్ చేసి, పనిచేస్తోందా, ఇప్పటి కార్లకు పట్టే సీసీఎస్2 రకం గన్నేనా, రాత్రి తెరిచి ఉంటుందా అని అడగండి. పాత 15 కిలోవాట్ల ఛార్జర్ల గన్ను ఇప్పటి కార్లకు పట్టదు. ఛార్జింగ్ యాప్ వాలెట్‌లో డబ్బు ఇంట్లోనే వేసుకోండి, దారిలో రెండో ఛార్జర్ ఎక్కడుందో కూడా చూసి పెట్టుకోండి.

మరో మాట, ఛార్జింగ్ స్టేషన్ పెట్టడానికి విద్యుత్ లైసెన్సు అక్కర్లేదు. మీ ఊళ్లో లాడ్జి వాళ్లనో ఫంక్షన్ హాల్ వాళ్లనో నలుగురు కలిసి అడగండి, అడిగేవాళ్లు ఉంటేనే పెడతారు.

ప్రశ్న: భీమిలిలో ఉంటాను, కార్ల ఛార్జర్ దగ్గర నా స్కూటర్ పెట్టొచ్చా?

జవాబు: కుదరదండీ, సీసీఎస్2 గన్ను స్కూటర్‌కి పట్టదు. ఏథర్, విడా స్కూటర్లు ఒకే రకం గన్ను వాడతాయి, వాటి ఛార్జర్లు వేరుగా ఉంటాయి, యాప్‌లో చూసుకోండి. రోజువారీ తిరగడానికైతే ఇంట్లో ప్లగ్గే చాలు.