గోడ వెంటే తవ్వుకుంటూ పోతే సరిపోదా?

చెన్నై నుంచి వెళ్లి, మదురై దగ్గర పురావస్తు తవ్వకాలు జరిగిన కీళడి చూసొచ్చాక మీకొచ్చిన సందేహం ఇది: ఇటుక గోడ కనపడ్డాక దాని వెంటే తవ్వితే ఇల్లంతా బయటపడుతుంది కదా, మధ్యలో ఆ మట్టి గట్లెందుకు? ఇల్లూ పక్క వీధీ ఒకే కాలానివని ఎలా తేలుస్తారు?

గోడ వెంట తవ్వితే ప్లాను దొరుకుతుందండీ, కాలం మాత్రం చేజారిపోతుంది. గోడకీ గది నేలకీ మధ్య, గోడకీ బయటి వీధికీ మధ్య ఉన్న జానెడు మట్టే అసలు సాక్ష్యం. గోడను ఆనుకుని తవ్వారంటే ఆ జానెడూ తట్టల్లో బయటికి పోతుంది. ఇక ఏ నేల ఏ గోడ నాటిదో ఎవరూ చెప్పలేరు. 1945లో పుదుచ్చేరి దగ్గరి పాత రేవు అరికమేడు తవ్వించిన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ గట్టిగా పోరాడింది ఈ అలవాటు మీదే.

మామూలుగా 10 మీటర్ల చదరాన్ని 5 మీటర్ల గళ్లు నాలుగు చేసి, ప్రతి గడిలో అంచు వెంట పావు మీటరు వదిలేస్తారు. అలా రెండు గళ్ల మధ్య అర మీటరు గట్టు నిలుస్తుంది. గోడ తల కనపడగానే దానికి అడ్డంగా, గది లోపలి నుంచి వీధి అవతలి అంచు దాకా, ఒకే సెక్షన్ (మట్టి పొరలు వరసగా కనపడే నిలువు కోత) వచ్చేలా చూసుకోవాలి. గళ్ల గట్టు అక్కడ పడకపోతే ఇంకో గట్టు అదనంగా వదలండి. శ్రమ దండగ అనుకోవద్దు.

సెక్షన్‌లో ముందు వెతకాల్సింది పునాది గుంట, అంటే గోడ కట్టడానికి అప్పట్లో తవ్విన కందకం. అది కోసుకుంటూ దిగిన పొర గోడకన్నా పాతది, దాన్ని పైనుంచి మూసిన పొర గోడ తర్వాతది. గుంట పూడికలో దొరికిన కుండపెంకుల్లో, నాణేల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో, అంతకు ముందు ఆ గోడ కట్టి ఉండరు. అందుకే ఆ పూడికను తాపీతో విడిగా తీసి, వేరే సంచిలో వేసి, చీటీ పెట్టాలి. గుంట ఒక్కోసారి నాలుగు వేళ్ల వెడల్పే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ రంగు తేడా కనపడదు. పొద్దున్నే, వెలుతురు ఏటవాలుగా పడేటప్పుడు, స్ప్రేయర్‌తో సన్నగా నీళ్లు చల్లి చూడండి. అంచు తేలగానే తాపీ మొనతో గీత గీసి, ఆ తర్వాతే మట్టి కదపండి.

చాలామంది బోల్తాపడేది ఇటుకలు పీక్కుపోయిన గోడ దగ్గర. తర్వాతి కాలం వాళ్లు ఇటుకలు లాక్కెళ్లాక గోడ ఆకారంలో ఖాళీ మిగిలి, వదులు మట్టితోనూ ఇటుక ముక్కలతోనూ నిండిపోతుంది. దాన్ని పునాది గుంట అనుకున్నారా, ఇల్లు వందల ఏళ్లు కొత్తదైపోతుంది. గుర్తు ఒకటే: పునాది గుంటను ఇంటి మొదటి నేల మూసేస్తుంది, ఇటుకలు లాగిన గుంట నేలలన్నిటినీ కోసేస్తుంది.

ఇక వీధి. వీధంటే ఒక్క పొర కాదు. బూడిద, చెత్త, పెంకులు కాళ్ల కింద నలిగి గట్టిపడిన పలచటి తలాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. గునపం వేస్తే నాలుగైదు ఒకేసారి పోతాయి. తలం తలానికీ నంబరు ఇచ్చి తీయాలి. వీధి ఎత్తు పెరిగేకొద్దీ వాన నీళ్లు లోపలికి రాకుండా ఇంటివాళ్లు గడప లేపుతారు, మట్టి పోసి నేల పెంచుతారు. మొహెంజోదారోలో నేలతో పాటు బావి గోడలూ పెంచుకుంటూ పోయారు. చుట్టూ తవ్వేశాక ఆ బావులే ఇప్పుడు బురుజుల్లా నిలబడి ఉన్నాయి. ఒక వీధి తలం ఒక గది నేలతో తెగకుండా కలిసే చోటు గడప ఒక్కటే. దాన్ని అన్నిటికన్నా చివర తీయండి.

గదిలో కూలిన కప్పు పెంకులు కనపడితే ఫొటో, డ్రాయింగ్ అయ్యేదాకా ఒక్కటీ ఎత్తొద్దు. వాటి కింద నేలకు అంటుకుని ఉన్నదే ఆ ఇంట్లో చివరిసారి వాడిన సామాను, పైన ఉన్నది ఇల్లు పాడుబడ్డాక చేరింది. అడ్డగోడ కూడా చూడండి: ఇటుకలు పెద్ద గోడలోకి చొచ్చుకుని ఉంటే రెండూ ఒకేసారి కట్టినవి, ఊరికే ఆనుకుని ఉంటే తర్వాత చేర్చినది.

వీధి కాలువ, ఇంకుడు కుండల (వాడిన నీళ్లు ఇంకడానికి పాతిన కుండలు) అడుగు నుంచి కనీసం పది లీటర్ల మట్టి ఫ్లోటేషన్‌కి, అంటే నీళ్లలో కలిపి మాడిన గింజలు తేల్చి తీయడానికి, తీసిపెట్టండి. కార్బన్ డేటింగ్‌కి మాడిన దూలం కన్నా మాడిన గింజ నయం. దూలం చెట్టు వయసు కూడా కలుపుకుని చెప్తుంది, గింజది ఒక్క పంట కాలమే.

మన వైపు అక్టోబరు లోపే పూడ్చేయాలి. ఈశాన్య రుతుపవనాల వానకి మట్టి అడుసుతో కట్టిన గోడ నిలవదు. పాలిథీన్ కప్పితే చెమ్మ లోపలే ఉండిపోయి ఉప్పు ఇటుక మీదికి తేలుతుంది. నీరు దిగే గుడ్డ పరిచి, సన్న ఇసుక పోసి, ఆ పైన తవ్విన మట్టే వేయండి.