ఫొటోథెరపీ టెండరు వేయబోతున్న మేనకోడలికి

చి. అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు 60 సర్కారు ఆస్పత్రులకి 120 ఫొటోథెరపీ మెషీన్లు, అదే పసివాళ్ల కామెర్లు తగ్గించే నీలి దీపాలు, అమ్మే టెండరు వేస్తామంటూ గుక్క తిప్పుకోకుండా చెప్తుంటే అత్తయ్య స్పీకర్‌లో వింటూ పూతరేకులు తెప్పిద్దామంది. నేనే ఆగమన్నాను. కోపం తెచ్చుకోకు. ఫోన్‌లో చెప్తే సగం వినవు, మిగతా సగానికి వాదన పెట్టుకుంటావు. అందుకే రాస్తున్నా.

మీ మెషీన్ బావుంది. పోయిన నెల విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో మీ షెడ్‌కి వచ్చినప్పుడు చూశాను. మా రోజుల్లో ట్యూబులైట్లు పెట్టేవాళ్లం, వేడికి పసివాళ్లు వాడిపోయేవాళ్లు. మీ నీలం ఎల్‌ఈడీ చల్లగా ఉంది, కాంతి కూడా సమంగా పడుతోంది. కామెర్ల బిడ్డకి అంతకంటే ఏం కావాలి? మెషీన్ సంగతి మీకు బాగా తెలుసు. ఆ మెషీన్ లారీ దిగిన దగ్గర్నుంచి డబ్బు మీ ఖాతాలో పడేదాకా ఏం జరుగుతుందో నాకు తెలుసు.

1998లో నేను 22 ఆస్పత్రులకి 40 సక్షన్ మెషీన్లు ఇచ్చాను. నా జీవితంలో అంత పెద్ద ఆర్డరు అదే మొదలు. సరుకు రెండు నెలల్లో దించేశాను. 22 చోట్ల నుంచీ ఇన్‌స్టలేషన్ సర్టిఫికెట్లు వస్తేనే బిల్లు కదుల్తుందని ఆర్డర్లో ఒక మూల రాసుంది. చదివాను, పెద్దగా పట్టించుకోలేదు. 19 చకచకా వచ్చాయి. మిగిలినవి మూడు. ఒకచోట సూపరింటెండెంటు బదిలీ అయ్యారు, వచ్చిన ఇన్‌చార్జి "నా హయాంలో దిగిన సరుకు కాదు కదా" అన్నారు. ఇంకోచోట వార్డులో జాగా లేదని మెషీన్లు స్టోర్లో సెలైన్ పెట్టెల కింద ఉండిపోయాయి, పెట్టె విప్పకుండా ఫిట్ చేసినట్టు సంతకం ఎవరు పెడతారు? మూడోచోట సంతకం, స్టాంపు అన్నీ ఉన్నాయి, స్టాక్ రిజిస్టర్ పేజీ నంబర్ వేయలేదని పైనుంచి తిప్పి పంపారు. ఆ మూడు కాగితాల కోసం 14 నెలలు తిరిగాను. బ్యాంకు వడ్డీ కట్టలేక గుణదలలో కొన్న స్థలం అమ్మేశాను. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్తే అత్తయ్య నాతో మాట్లాడదు.

కాబట్టి వచ్చే వారం బిడ్లు వేసేముందు సందేహాలు తీర్చే ప్రీబిడ్ మీటింగ్‌కి ఖాళీ చేతులతో వెళ్లొద్దు. రెండు ప్రశ్నలు లెటర్‌హెడ్ మీద రాసి ముందే పంపు. ఒకటి, ఆస్పత్రివారీగా బిల్లు పెట్టుకోనిస్తారా? ఒక్క ఆస్పత్రి కాగితం ఆగితే మిగతా 59 ఆస్పత్రుల డబ్బు ఆగకూడదు. రెండు, జాగా లేకో కరెంటు పాయింటు లేకో ఆస్పత్రివాళ్లే ఆలస్యం చేస్తే, సరుకు అందినట్టు రసీదు మీదే కొంత శాతం ఇస్తారా? నోటిమాటగా "చూద్దాంలెండి" అంటారు. ఆ మాటని నమ్ముకోకు. టెండర్‌కి వాళ్లు వేసే సవరణ కాగితం, అదే కారిజెండంలో అచ్చయితేనే అది నీది.

అదే ప్రీబిడ్‌లో స్పెసిఫికేషన్ కూడా కదిలించు. అమెరికా ఎఫ్‌డీఏ గానీ యూరప్ సీఈ గానీ గుర్తింపు తప్పనిసరి అని రాసి ఉంటే, మన లైసెన్సు ఉన్న దేశీ తయారీదారుడిని ఎందుకు బయట పెడుతున్నారని మర్యాదగా అడుగు. దేశీ తయారీకి ప్రాధాన్యమివ్వాలన్న 2017 నాటి కేంద్ర మేకిన్ ఇండియా కొనుగోలు ఉత్తర్వు కాపీ జతచెయ్యి. కొన్నిసార్లు స్పెక్ చదువుతుంటేనే ఏ కంపెనీ బ్రోచర్ ముందు పెట్టుకుని రాశారో తెలిసిపోతుంది. దానికి గొడవపడి లాభం లేదు. "ఇంత లేదా అంతకంటే మెరుగైనది" అని మార్పించుకుంటే చాలు.

టర్నోవర్, అంటే ఏడాదికి ఇంత అమ్మకాలుండాలన్న షరతు దగ్గర నువ్వు పొరపాటు పడుతున్నావనిపించింది. స్టార్టప్‌కి అనుభవం, టర్నోవర్ మినహాయింపు ఉంటుందని, చిన్న పరిశ్రమకి ఈఎండీ (టెండర్ ధరావతు) కట్టక్కర్లేదని, 25 శాతం మన దగ్గరే కొనాలని గడగడా చెప్పావు. అవన్నీ నిజమే, కానీ కేంద్ర కొనుగోళ్లకి. మంగళగిరి ఎయిమ్స్, బీబీనగర్ ఎయిమ్స్, రైల్వే ఆస్పత్రులు, కార్మిక బీమా సంస్థ ఈఎస్ఐసీ సొంతంగా నడిపే ఆస్పత్రులు ఆ దారిలో వస్తాయి. అక్కడ కూడా స్టార్టప్ సడలింపు "ఇవ్వవచ్చు" అనే ఉంటుంది, "ఇవ్వాలి" అని కాదు. మన రాష్ట్ర కార్పొరేషన్ టెండర్‌కి ఆ టెండర్ కాగితమే వేదం. ఇక్కడ సర్కారు ఆస్పత్రులకి సరుకు కొనే ఏపీఎంఎస్ఐడీసీ అయినా, రేపు హైదరాబాద్‌లో టీజీఎంఎస్ఐడీసీ అయినా, చిన్న పరిశ్రమగా నమోదైన ఉద్యమ్ సర్టిఫికెట్ చూపిస్తే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని అనుకోకు.

లైసెన్సు కాగితాలు నీ పార్ట్‌నర్ చూస్తున్నాడన్నావు. ఒకసారి నువ్వు కూడా చూడు. రిస్కుని బట్టి పరికరాలకి నాలుగు తరగతులు, ఏ, బీ అయితే లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర అధికారి, సీ, డీ అయితే ఢిల్లీ. 2023 అక్టోబర్ నుంచి బీ, సీ, డీ తరగతులన్నిటికీ లైసెన్సు లేకుండా తయారీ కుదరదు. లైసెన్సులో రాసిన మోడల్ నంబరూ టెండర్లో కోట్ చేసే మోడల్ నంబరూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. హైఫన్ తేడాకి బిడ్ పోగొట్టుకున్నవాళ్లని చూశాను. టెస్ట్ రిపోర్ట్ కూడా ఐఈసీ 60601 ప్రమాణం, అంటే కరెంటు వైద్య పరికరాల సాధారణ భద్రతతో సరిపెట్టొద్దు, పిల్లల ఫొటోథెరపీకి విడిగా 60601-2-50 ఉంది, అది జతపరచు.

ఇక ధర. ఒక్కోటి 40 వేలు అనుకుంటే మొత్తం 48 లక్షలు. వినడానికి బావుంటుంది. చైనా నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ మూతలు బిగించేవాడు 31 వేలకి వేస్తాడు, నీ గుండె గుభేల్మంటుంది, నువ్వు 30 వేలకి దిగుతావు. దిగకు. వారంటీ మూడేళ్లు, ఆ తర్వాత ఐదేళ్ల సీఎంసీ (విడిభాగాలతో సహా నిర్వహణ ఒప్పందం), 95 శాతం మెషీన్ నడుస్తూ ఉండాలన్న షరతు, లేదంటే జరిమానా. చాలా టెండర్లలో ఉండే లెక్కే ఇది. ఆ ఐదేళ్లకీ సీఎంసీ ధర గడిలో సున్నా వేసి ఎల్‌వన్, అంటే అందరికంటే తక్కువ ధరవాళ్లం అయిపోదామనే ఆలోచన మీ షెడ్‌లో ఎవరికైనా వస్తే వాణ్ణి పార్వతీపురానికో రంపచోడవరానికో బస్సులో ఒకసారి పంపు. ఎల్‌ఈడీలకి కరెంటు ఇచ్చే ఒక చిన్న డ్రైవర్ బోర్డు మార్చడానికి పోను ఒక రోజు, రాను ఒక రోజు. అలాంటివి ఏడాదికి ఎన్నొస్తాయో లెక్కేసుకుని ధర రాయి.

జీఎస్టీ కూడా. 2025 సెప్టెంబర్ 22 నుంచి మీలాంటి వైద్య పరికరాల మీద 5 శాతమే అయింది, కొనేవాడికి పండగే. నువ్వు కొనే బోర్డులు, ఎలక్ట్రానిక్ భాగాల మీద మాత్రం ఎక్కువగా 18 శాతమే. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఆ తేడా రీఫండ్‌గా వస్తుంది, కానీ అద్దెలు, ఆడిటర్ ఫీజుల లాంటి సర్వీసుల మీద కట్టినది ఆ రీఫండ్ లెక్కలోకి రాదు. వచ్చేదైనా వచ్చేదాకా నీ డబ్బే అక్కడ ఇరుక్కుని ఉంటుంది.

చిన్న పరిశ్రమకి 45 రోజుల్లోగా డబ్బు కట్టాలన్న చట్టం ఉందిగా అంటావు. ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం గడువు దాటితే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కేంద్రం ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే, ఇలాంటి బాకీల తగవులు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. ఆర్డరు తీసుకునే ముందే ఉద్యమ్ నమోదు ఉండేలా చూసుకో, తర్వాత చేయించుకుంటే పేచీ పెడతారు. నా మటుకు నేను కౌన్సిల్‌కి ఒక్కసారే వెళ్లాను. వడ్డీ లెక్క వేసి మర్యాదగా ఉత్తరం రాస్తే చాలాసార్లు ఫైలు కదిలింది, ఆడిట్‌లో వడ్డీ కనబడితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. ప్రైవేటు ఆస్పత్రికైతే ఇంకో భయం ఉంది, రోజువారీ ఖర్చుల బాకీ చిన్న పరిశ్రమకి గడువులోగా కట్టకపోతే, నిజంగా కట్టిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు చూపించుకోగలరు. సర్కారు ఆస్పత్రి ఆదాయపు పన్ను కడుతుందా ఏంటి, భయపడ్డానికి?

అందుకే నిన్ను ఒకటే అడుగుతున్నా. సరుకు దించాక తొమ్మిది నెలలు రూపాయి రాకపోయినా మీ కంపెనీలో ముగ్గురూ జీతాలిచ్చుకుని, అద్దె కట్టి బతగ్గలరా? లెక్క కాగితం మీద వేసి చెప్పు. కుదరదంటే, పూర్తి 120కీ కోట్ చేయాలన్న షరతు ఉంటే, ఈసారి వదిలెయ్. ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోలు పోర్టల్ జెమ్‌లో చిన్న ఆర్డర్లు పట్టుకో, అక్కడ సరుకు అందినట్టు సర్టిఫికెట్‌కీ, ఆ తర్వాత డబ్బుకీ పదేసి రోజుల గడువుంది. గడువు దాటిందని చెప్పుకోవడానికి తేదీ అయినా మిగులుతుంది. టీచింగ్ ఆస్పత్రుల్లో హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ డబ్బుతో ఒకటీ రెండూ కొంటారు. అలా పది చోట్ల మీ మెషీన్ నడిచిందని పిల్లల డాక్టర్లు రాసిచ్చిన కాగితం వచ్చే ఏడాది "గత అనుభవం" గడిలో పనికొస్తుంది.

చేతులు తడిపే సంగతి అడగలేక అడిగావు. ఒకే ఒక్కసారి ఇచ్చాను. తర్వాత మూడేళ్లు ఆ మనిషి ప్రతి కాగితానికీ నా పేరే తలుచుకున్నాడు. ఇవ్వనందుకు పోయిన ఆర్డర్లు రెండో మూడో ఉన్నాయి, వాటి గురించి ఇప్పుడు నాకు బాధ లేదు. ఎవరికైనా ఏదైనా ఇవ్వాలనిపిస్తే పసికందుల ప్రత్యేక వార్డు, అదే ఎస్‌ఎన్‌సీయూ సిస్టర్‌కి ఒక గంట టైమివ్వు. దుమ్ము ఎలా తుడవాలో, కాంతి తగ్గిందో లేదో మీటర్‌తో ఎలా చూడాలో, బిడ్డ కళ్లకి గంతలు జారకుండా ఎలా కట్టాలో నేర్పి, మీ సర్వీస్ నంబరు మెషీన్ మీద తెలుగులో అతికించు. మెషీన్ స్టోర్లోంచి వార్డులోకి వచ్చేలా చేసేది ఆవిడే. నాకు 14 నెలల తర్వాత ఆ సెలైన్ పెట్టెలు పక్కకి జరిపించింది కూడా ఒక హెడ్ నర్సే.

టెండర్ కాగితాలు మొత్తం పంపు, అనుబంధాలతో సహా. ఎర్ర పెన్ను పెట్టుకుని కూర్చుంటాను. అన్నట్టు, మీ మెషీన్‌కి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్ ఉండడం చూశాను. అంత కరెంటు అది తాగదు కదా, ఎందుకది? బిడ్డ పక్కన ఆ సాకెట్ దొరకదు. చిన్న ప్లగ్‌కి మార్చండి.

మీ మామయ్య
విజయవాడ